కట్టకు రెండు కొనల ఊళ్లు: బుక్కరాయసముద్రం, అనంతపురం

అనంతపురం పీఠభూమి మీద చెప్పుకోదగిన సహజ సరస్సు లేదు. హిమానీనదాలు తొలిచిన పల్లాలు గానీ, భూమి పొరలు కుంగి ఏర్పడిన లోయలు గానీ, నది దారి మార్చుకొని వదిలిపెట్టిన పెద్ద మడుగులు గానీ ఈ నేలలో కనిపించవు. అందువల్ల ఇక్కడ ఒక ఊరు నీటి ఒడ్డున వెలసిందంటే, ఆ ఒడ్డును మొదట మనుషులే కట్టుకొని ఉండాలి. పండమేరు వాగుకు అడ్డంగా సాగిన మట్టికట్ట ఒక కొన దగ్గర బుక్కరాయసముద్రం, మరో కొన వైపు అనంతపురం పెరిగిన తీరు ఇందుకు మంచి నిదర్శనం. ఐదారు కిలోమీటర్ల ఎడంలో ఉన్న ఈ రెండింటిలో ఒకటి జిల్లా కేంద్రమై నగరంగా విస్తరించగా, మరొకటి మండల కేంద్రంగా చిన్న ఊరిగానే నిలిచిపోయింది. అయినా చరిత్ర పుట్టుకలో రెండూ ఒకే చెరువు పిల్లలు. ఈ అధ్యాయం ప్రధానంగా బుక్కరాయసముద్రాన్ని గురించినదే అయినా, ఒక కొనను వదిలి రెండో కొన కథ చెప్పడం సాధ్యం కాదు.

చెరువు ఎందుకు అవసరమైందో తెలియాలంటే ముందు కింద ఉన్న రాతిని చూడాలి. ఈ ప్రాంతపు నేలకు పునాది నీస్ అనే శిల. భూగర్భంలోని తీవ్రమైన వేడికీ ఒత్తిడికీ లోనై, చారలు చారలుగా రూపుమారిన గట్టిరాయిని నీస్ అంటారు. దక్షిణ భారతంలో విస్తారంగా పరుచుకొన్న ఈ రాతికి 250 కోట్ల సంవత్సరాలకు పైబడిన వయస్సు ఉంది. దాని మధ్య అక్కడక్కడా ధార్వార్ శిలల సన్నని పట్టీలు చొచ్చుకొని ఉన్నాయి. బంగారు గనులకు పేరుపడిన రామగిరి అటువంటి పట్టీలోనిదే. ఇసుకరాయి దాచుకొన్నట్లు నీస్ తన లోపల నీటిని దాచుకోదు. పైభాగం ఎండకూ వానకూ శిథిలమై పొడిగా మారినంత మేర, లోపల పగుళ్లు ఉన్నంత మేర మాత్రమే అందులో నీరు నిలుస్తుంది. పైనున్న ఎర్రనేల కూడా చాలాచోట్ల పలుచన. కాబట్టి గట్టి వాన పడినప్పుడు కొంత నీరు ఇంకినా, ఎక్కువ భాగం వాలు వెంట పరుగెత్తి వంకల్లో చేరి, గంటల వ్యవధిలో పెన్న వైపు సాగిపోతుంది.

వాన సంగతి మరింత చిక్కైనది. నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం నుంచి తెచ్చే తేమలో అధిక భాగం పడమటి కనుమల మీదే కురిసిపోతుంది. కనుమలు దాటి వచ్చే గాలి పొడిబారి ఉంటుంది. ఇలా కొండల వెనుక వాన తగ్గిపోయే భాగాన్ని వర్షచ్ఛాయా ప్రాంతం అంటారు. ఈశాన్య రుతుపవనాల కాలంలో బంగాళాఖాతపు తేమ కోస్తా జిల్లాలకూ తమిళనాడుకూ దండిగా అందినా, ఇంత లోపలికి వచ్చేసరికి పలుచబడుతుంది. రెండు రుతుపవనాలకూ అంచున పడిన ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాది సగటు వర్షపాతం సుమారు 552 మిల్లీమీటర్లు కాగా, దేశంలో దీనికన్నా తక్కువ వాన పడే జిల్లాగా రాజస్థాన్‌లోని జైసల్మేర్‌ను తరచు పేర్కొంటారు. అయితే సగటు అనే అంకె ఇక్కడ కొంత మోసకారి. ఏడాదిలో వాన పడే దినాలు కొద్ది. ఆ కొద్దిలోనూ రెండు మూడు రోజుల కుండపోతలోనే ఏడాది వానలో పెద్ద వాటా దిగిపోవచ్చు. అంటే కరువునూ వరదనూ వేర్వేరు విపత్తులుగా చూడడం ఈ సీమ విషయంలో సరికాదు. ఒకే వానతీరు ఒక ఏడు కరువుగానూ, ఒక రాత్రి వరదగానూ కనిపిస్తుంది. చెరువు కట్టినవారు ఎదుర్కొన్న సమస్య నీరు లేకపోవడం ఒక్కటే కాదు, వచ్చినప్పుడు అది ఒక్కసారిగా రావడం కూడా. బుక్కరాయసముద్రం చరిత్ర అంతటా ఈ రెండో సమస్యే ఎక్కువగా వినిపిస్తుంది.

పండమేరు పెద్ద నది కాదు. కనగానపల్లి వైపు ఎత్తుల నుంచి బయలుదేరి, ఉత్తరంగా సాగి, దారిలోని చిన్న వంకలను కలుపుకొంటూ అనంతపురం పక్కకు చేరుతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకదారిగా ఉండే ఈ వాగు పెన్నా పరీవాహకంలోనిది. స్థానిక చరిత్ర చెప్పే ప్రకారం, విజయనగరాన్ని 1356 నుంచి 1377 వరకు ఏలిన మొదటి బుక్కరాయల దివాను చిక్కప్ప ఒడయరు 1364లో ఈ వాగుకు అడ్డంగా కట్ట వేయించి, కట్ట రెండు వైపుల ఉన్న తూముల దగ్గర రెండు ఊళ్లు నిలిపాడు. రాజు పేర బుక్కరాయసముద్రం, రాణి అనంతమ్మ పేర అనంతసాగరం ఏర్పడ్డాయని ఐతిహ్యం. ఆ అనంతసాగరమే తరువాతి అనంతపురం. పేర్ల పుట్టుక ఎలా ఉన్నా, రెండు తూములకు రెండు ఊళ్లు అన్న ఏర్పాటు గమనించదగినది. తూము అంటే కట్ట అడుగున నీటిని పొలాలకు వదిలే రాతి మార్గం. తూము కింద తడిసే భూమి ఆయకట్టు. ఆయకట్టు ఉన్నచోట వరి పండుతుంది. వరి పండినచోట శిస్తు నిలకడగా వస్తుంది. కొత్తగా నిలదొక్కుకొంటున్న రాజ్యానికి మెట్టసీమలో ఒక చెరువు వేయించడం దానధర్మమే కాదు, ఖజానాకు పెట్టుబడి కూడా.

ఆ కాలపు ఇంజనీర్లకు ఎంత తెలుసునో చెప్పే గట్టి ఆధారం కొంత దూరంలో, కడప జిల్లా పోరుమామిళ్లలో ఉంది. బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి నుంచి పాలించిన భాస్కర భవదూరుడు అక్కడ కట్టించిన చెరువు కట్ట మీద 1369 నాటి సంస్కృత శాసనం నిలిచి ఉంది. రెండేళ్లపాటు ప్రతిదినం వెయ్యిమంది కూలీలు పనిచేశారనీ, రాళ్లు తోలడానికి వంద బండ్లు నడిచాయనీ అది చెబుతుంది. అంతకంటె విలువైనది, మంచి చెరువుకు కావలసిన 12 సాధనాల పట్టిక. ధర్మబుద్ధి గల రాజు, జలశాస్త్రం ఎరిగిన పండితుడు, గట్టి బంకనేల, దూరం నుంచి తీయని నీరు తెచ్చే నది, ఆ నది ఒరుసుకొని పారే కొండ, ఆ కొండ భాగాల నడుమ మరీ పొడవు కాని దృఢమైన రాతికట్ట, లోతూ వైశాల్యమూ ఉన్న గర్భం, పొడవైన రాళ్లు దొరికే గని, పక్కనే చదునైన సారవంతమైన పొలాలు, పనితెలిసిన కూలీల గుంపు వంటివి అందులో ఉన్నాయి. చెరువుకు తగని ఆరు దోషాలను కూడా శాసనం పేర్కొంటుంది: కట్ట నుంచి నీరు ఊరడం, చవుడునేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై భూమి ఎక్కువ కావడం, నీరు ఎక్కువై భూమి తక్కువ కావడం.

చివరి రెండు దోషాలను నేటి పరిభాషలోకి మార్చితే, పరీవాహక ప్రాంతం నుంచి వచ్చే నీటికీ, చెరువు నిలువకూ, ఆయకట్టు విస్తీర్ణానికీ మధ్య పొంతన ఉండాలన్న సూత్రమే అవుతుంది. మూడో దోషం ఇంజనీరింగ్‌కు సంబంధించినది కాదని కొందరు తోసిపుచ్చవచ్చు గానీ, తుంగభద్ర, కృష్ణా జలాల మీద నడిచిన అంతర్రాష్ట్ర వివాదాలను ఎరిగిన పాఠకుడు ఆ పని చేయడు. పోరుమామిళ్ల కంటె ఐదేళ్లు ముందు కట్టినదిగా చెప్పే బుక్కరాయసముద్రం చెరువును ఈ పట్టికతో పోల్చి చూస్తే, కొండ దన్నూ, దగ్గరలోనే రాయీ, దిగువన చదును పొలాలూ సరిపోతాయి. ఊరికి దన్నుగా నిలిచిన దేవరకొండ మీద కొండమీదరాయుడి ఆలయం ఉంది. ఏటా జరిగే ఆ స్వామి ఉత్సవానికి చుట్టుపక్కల పల్లెలు కదలివస్తాయి. సరిపోనిది ఒక్కటే. పండమేరు నమ్మదగిన నది కాదు. ఒక ఏడు రాదు, ఒక ఏడు మరీ ఎక్కువగా వస్తుంది.

చెరువు నిర్మాణంలో మూడు భాగాలు ముఖ్యం. మొదటిది కట్ట: మట్టిని పొరలు పొరలుగా పోసి తొక్కించి, నీటి వైపు అలల కోతకు తట్టుకొనేలా బండరాళ్లు పేర్చుతారు. రెండవది తూము: విజయనగర కాలపు తూముల్లో చెరువు లోపల రెండు నిలువు రాతి స్తంభాలు, వాటిని కలుపుతూ అడ్డరాళ్లు, ఆ అడ్డరాళ్లలోని రంధ్రాల గుండా దిగే కడ్డీకి అడుగున ఒక బిరడా కనిపిస్తాయి. కడ్డీని ఎంత పైకెత్తితే అంత నీరు. దానిని ఎత్తి దించే బాధ్యత నీరుగంటిది. ఏ మడికి ఎంతసేపు నీరు పారాలో చూసి, కాలువల వెంట తిరిగి, పంట చేతికొచ్చాక రైతుల నుంచి ధాన్యం రూపంలో మేర తీసుకొనే గ్రామసేవకుడు అతడు. మూడవది, రాయలసీమలో మరవ అని పిలిచేది. తెలంగాణలో దానినే అలుగు, మత్తడి అంటారు. చెరువు నిండాక మిగులు నీరు కట్టకు హాని చేయకుండా బయటికి పోయే రాతి మార్గం ఇది. కట్ట ఎత్తు కన్నా మరవ తక్కువ ఎత్తులో ఉండాలి, వచ్చే వరదకు తగిన వెడల్పు ఉండాలి. ఈ రెండు షరతుల్లో ఏది తప్పినా నీరు కట్ట మీదుగా దూకుతుంది.

మట్టికట్ట మీదుగా నీరు దూకితే జరిగేది తేలికగా ఊహించవచ్చు. వెలుపలి వాలు మీద తొలుత సన్నని గాడి పడుతుంది. ఆ గాడి అడుగు నుంచి పైకి కోసుకొంటూ కట్ట శిఖరాన్ని చేరుతుంది. శిఖరం తెగిన మరుక్షణం చెరువు మొత్తం బలం ఆ ఒక్కచోటికి మళ్లుతుంది. దీనినే గండి పడడం అంటారు. రెండో తరహా గండి మరింత మోసపూరితమైనది. తూము రాతికీ మట్టికీ మధ్య సందులో నుంచి గానీ, ఎలుకలూ చెదలూ చేసిన బొరియల నుంచి గానీ ఊరే నీరు మట్టి రేణువులను మోసుకుపోతూ లోపలే సొరంగం తొలుస్తుంది. పైకి కట్ట దిట్టంగానే కనబడుతుంది. పోరుమామిళ్ల శాసనం కట్ట ఊరడాన్ని దోషాలలో మొట్టమొదట చెప్పడానికి కారణం ఇదే కావచ్చు.

బుక్కరాయసముద్రం పేరును తెలుగు సాహిత్యంలోకి తెచ్చింది కూడా ఒక గండే. ఒక ఏడు వానలు విపరీతంగా కురిసి చెరువు కట్ట తెగబోతుండగా, ఊరిలోని బసిరెడ్డి ఇంటి కోడలు ముసలమ్మ బలి అయితేనే కట్ట నిలుస్తుందన్న దైవవాణి వినిపించిందనీ, ఆమె అందరి వద్దా సెలవు తీసుకొని నీటిలో ప్రవేశించిందనీ, కట్ట నిలిచిందనీ కథ. ముసలమ్మను ఈ ప్రాంతంలో దేవతగా కొలుస్తారు. చెరువు కట్టకు ముసలమ్మ కట్ట అన్న పేరు వాడుకలో ఉంది. విజయనగరం తరువాత అనంతపురాన్ని ఏలిన హండే వంశీయుల కాలపు సంగతులను చెప్పే తెలుగు వచన చరిత్ర ఒకటి సి.పి. బ్రౌన్ చేతికి చిక్కగా, ఆయన దానిని ఇంగ్లీషులోకి మార్చి 1853లో మద్రాసులో అచ్చువేయించాడు. బ్రౌన్ పుణ్యాన వెలుగు చూసిన ఆ అనంతపుర చరిత్రలోని ఈ ఉదంతాన్నే ఆధారం చేసుకొని, అప్పటికి ఇరవై ఏళ్లైనా నిండని కట్టమంచి రామలింగారెడ్డి 1899లో ‘ముసలమ్మ మరణము’ రచించాడు. ఆధునిక తెలుగు కవిత్వంలో తొలి ఖండకావ్యాలలో ఒకటిగా దానికి స్థానం ఉంది.

ఈ కథను చరిత్రకారుడు ఎలా చదవాలి? కట్ట నిలవడానికి మనిషి బలి అన్న కథాంశం తెలుగు, కన్నడ, తమిళ ప్రాంతాల్లో చాలా చెరువులకు ఉంది. కాబట్టి ఒక్కొక్క కథను ఒక్కొక్క వాస్తవ సంఘటనగా లెక్కించడం తొందరపాటు. కానీ బలి అయ్యేది ఎక్కువగా స్త్రీ కావడం, అందునా బయటి నుంచి వచ్చిన కోడలు కావడం, ఆ సమాజం నష్టాన్ని ఎవరి మీద మోపిందో చెప్పకనే చెబుతుంది. ఇంజనీరింగ్ దృష్టితో చూస్తే కథలోని మరో వివరం కూడా ముఖ్యమే. ఊరి జ్ఞాపకంలో నిలిచిన మహావిపత్తు కరువు కాదు, వాన ఎక్కువ కావడం. కరువుకు పేరుపడిన సీమలో ఊరి దేవత వరద నుంచి పుట్టింది.

కాలక్రమంలో ఈ కట్ట మీద అధికారం హండే వంశీయుల చేతికి వచ్చింది. విజయనగర ప్రభువుల నుంచి హండే హనుమప్ప నాయుడికి అనంతపురం, మరికొన్ని స్థలాలు సంక్రమించాయి. 1565లో రాక్షసతంగడి యుద్ధం తరువాత రాజధాని ఇదే పీఠభూమి మీది పెనుకొండకు మారింది. తరువాతి కాలంలో గోల్కొండ కుతుబ్‌షాహీలు, మొగలులు, కడప నవాబులు పైపాలకులుగా మారుతూ వచ్చినా, కింద హండేలు కొనసాగారు. 1757లో గుత్తి మరాఠా నాయకుడు మురారిరావు అనంతపురం మీద దాడి చేయగా, హండే వంశపు సిద్దప్ప కొంతకాలం ఎదిరించి, చివరకు 50,000 రూపాయలిచ్చి వెనక్కి పంపాడు. తరువాత ప్రాంతం హైదర్ అలీకీ, టిప్పు సుల్తాన్‌కూ లోబడింది. 1799లో టిప్పు మరణానంతరం నిజాముకు దక్కిన ఈ భూములను, ఆయన మరుసటి ఏడాదే తన దగ్గరున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద బ్రిటిషువారికి అప్పగించాడు. దత్తమండలాలన్న పేరు అలా వచ్చింది. పాలెగాళ్ల ఎత్తుపల్లాల చరిత్ర ఇంతకన్నా చాలా ఉంది గానీ, చెరువు దృష్ట్యా అందులో పనికివచ్చే సంగతి ఒకటే. సైన్యాలు మారినప్పుడల్లా కట్ట మరమ్మతు వాయిదా పడింది.

దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా 1800 నుంచి 1807 వరకు పనిచేసిన థామస్ మన్రో అనంతపురంలో నివాసం ఏర్పరచుకొన్నాడు. ఆయన స్థిరపరచిన రైత్వారీ పద్ధతిలో ప్రభుత్వం ప్రతి రైతుతోనూ నేరుగా శిస్తు నిర్ణయించుకొంటుంది. శిస్తు సంగతి అలా ఉండగా, చెరువు సంగతి చిక్కుపడింది. అంతకుముందు చెరువు వేయించినవారికీ, దానిని కాపాడేవారికీ ఆయకట్టులో కొంత భూమిని తక్కువ శిస్తుతో విడిచిపెట్టే దశబంధం ఇనాములు ఈ జిల్లాల్లో విరివిగా ఉండేవి. పూడిక తీయడం, కట్ట ఎత్తడం ఆ ఇనాముకు బదులుగా చేయవలసిన పని. చెరువులు ప్రభుత్వ ఆస్తిగా, మరమ్మతు ప్రభుత్వ శాఖ పనిగా మారేకొద్దీ ఈ బంధం సడలింది. కట్ట తెగే ప్రమాదంలో గ్రామస్థులను పనికి రప్పించడానికి మద్రాసు ప్రభుత్వం 1858లో నిర్బంధ శ్రమ చట్టం తేవలసి రావడం చూస్తే, అంతకుముందు ఆనవాయితీగా జరిగిన పని ఎంత సన్నగిల్లిందో అర్థమవుతుంది. 1876–78 మహాక్షామం తరువాత చెరువుల సర్వే, పునరుద్ధరణ పథకం మొదలయ్యాయి. బళ్లారి నుంచి విడదీసి 1882లో అనంతపురం జిల్లాను ఏర్పరచడంతో కట్టకు ఒక కొన ఊరికి కచేరీలు, కోర్టులు వచ్చాయి; 1916లో దత్తమండల కళాశాల వచ్చింది. రెండో కొనకు పొలాలే మిగిలాయి. బుక్కరాయసముద్రం మండలానికి పెద్ద విద్యాసంస్థ రావడానికి మరో శతాబ్దం పట్టింది. 2018లో మొదలైన కేంద్రీయ విశ్వవిద్యాలయానికి జంతులూరు వద్ద స్థలం కేటాయించారు.

ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో చెరువు కన్నా బోరుబావి మీద నమ్మకం పెరిగింది. దీనికి ఒక భౌతిక కారణం ఉంది. ఈ ఎండల్లో తెరచిన నీటి ఉపరితలం నుంచి ఏటా ఆవిరయ్యే నీరు, కురిసే వానకు సుమారు మూడు రెట్లు. సగటున రెండు మీటర్ల లోతున్న చెరువు, ఒక్క చుక్క పొలానికి వదలకపోయినా ఏడాది తిరిగేసరికి దాదాపు ఎండిపోతుందని దీని అర్థం. భూమిలోని నీటికి ఈ నష్టం లేదు. కానీ నీస్ రాతిలో దాచుకొనే చోటే తక్కువ కాబట్టి, వందల అడుగులు దిగిన బోర్లు కొన్నేళ్లకే ఎండిపోవడం మొదలైంది. చెరువు దిగువ పొలాల్లోని బావులు తక్కినవాటి కన్నా ఎక్కువ కాలం నిలిచాయంటే, చెరువు నుంచి ఇంకిన నీరే అందుకు కారణం. చెరువును కేవలం కాలువ తెరిచే తొట్టిగా లెక్కవేసే పద్ధతిలో ఈ ఇంకుడు ఎప్పుడూ నష్టం పద్దులోనే పడింది. రైతు దృష్టిలో అది లాభం. ఇక మెట్టభూములు వేరుశనగకు మారాయి. ఎర్రనేలల్లో వానాధారంగా అంత విస్తీర్ణంలో వేరుశనగ వేసే జిల్లాలు దేశంలో అరుదు.

మరో మార్పు పొరుగు నది నుంచి వచ్చింది. 1953లో పూర్తయిన తుంగభద్ర ఆనకట్ట నుంచి తవ్విన ఎగువ కాలువ, కృష్ణా పరీవాహకంలోని నీటిని పెన్నా పరీవాహకంలోకి తెచ్చింది. కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌కు ఈ కాలువ కింద 32.5 టీఎంసీలు ఉన్నాయి. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. జలాశయంలో పూడిక పేరుకొనేకొద్దీ ఆ కేటాయింపు పూర్తిగా అందడం అరుదైంది. అయినా ఏటా బుక్కరాయసముద్రం, దాని దిగువనున్న శింగనమల చెరువుల రైతులు పండమేరు వైపు ఎంత చూస్తారో, కాలువ వైపూ అంత చూస్తున్నారు. ఈ రెండు చెరువులూ గొలుసుకట్టు: పైచెరువు మరవ పారితే ఆ నీరు కిందిచెరువుకు చేరుతుంది. శ్రీలంక పొడిసీమలో ఇదే పద్ధతిలో వందల చెరువులను వాగుల వెంట వరుసగా కట్టారు. గొలుసులో ఒక చెరువు పూడితే నష్టం దానితో ఆగదు. ఒక చెరువు తెగితే దాని వరద కింది చెరువు మీద పడుతుంది.

నగరం పెరిగిన దిక్కు వల్ల ఈ ప్రమాదం నేడు కొత్త రూపం తీసుకొంది. అనంతపురం శివారు కాలనీలు పండమేరు గట్ల మీదికీ, నగరం గుండా పారే నడిమి వంక దారిలోకీ విస్తరించాయి. ఏళ్ల తరబడి పొడిగా పడివున్న ఇసుకదారిని ఖాళీ స్థలంగా భావించడం ఈ సీమలో తేలిక. పట్టాలిచ్చిన కార్యాలయాలూ, ప్లాట్లు కొన్న కుటుంబాలూ అలాగే భావించాయి. 2022 అక్టోబరులో నడిమి వంక పొంగి నగరంలోని పల్లపు కాలనీలు నీట మునిగాయి. 2024 అక్టోబరులో ఎగువన కనగానపల్లి వైపు కురిసిన కుంభవృష్టికి పండమేరు తెల్లవారేలోగా ఉప్పొంగి, గట్టున ఉన్న ఇళ్లను ముంచింది. రెండు సందర్భాల్లోనూ నెల ఒకటే కావడం యాదృచ్ఛికం కాదు. నైరుతి రుతుపవనాలు వెనుదిరిగి ఈశాన్య రుతుపవనాలు అందుకొనే ఈ సంధికాలంలోనే బంగాళాఖాతపు అల్పపీడనాలు ఇక్కడిదాకా వచ్చి కుండపోతలు కురిపిస్తాయి.

మద్రాసు ప్రెసిడెన్సీలోని పాత చెరువుల్లో మరవ మీద నిలువు రాళ్లు నాటి, వాటి సందుల్ని వరదల రోజుల్లో తెరిచి ఉంచి, వానల కాలం దాటిందని తేలాకే మట్టితో, పలకలతో మూసి, చివరి నీటిని పట్టుకొనే ఆనవాయితీ ఉండేది. నీటి మీద ఆశనూ, వరద భయాన్నీ రోజుల లెక్కన సర్దుకొనే పద్ధతి అది. ఇప్పుడు కాలువ నీరు వర్షాకాలం నడుమనే వస్తుంది కాబట్టి, దానిని వదులుకోలేక చెరువును ముందే నింపితే, అక్టోబరు వరదను ఆపుకొనే చోటు అందులో మిగలదు. చోటు మిగల్చాలంటే నిశ్చయంగా వచ్చిన నీటిని, రావచ్చో రాకపోవచ్చో తెలియని నీటి కోసం వదులుకోవాలి. ఆయకట్టు రైతు మొదటిదాన్ని కోరుతాడు, కాలనీవాసి రెండోదాన్ని కోరుతాడు. ఒకే కట్టకు చెందిన రెండు ఊళ్ల మధ్య ఈ తగవును తీర్చే నీటిమట్టాల పట్టిక, నెలవారీగా, పరీవాహక ప్రాంతపు వానమానికల లెక్కతో తయారు కావలసి ఉంది.